జమీన్ అంటే పట్టా ఒక్కటేనా?

జల్, జంగల్, జమీన్. ఈ మూడు మాటలు మనం ఎన్ని ర్యాలీల్లో అన్నామో లెక్క లేదు. జమీన్ అనగానే మనకు గుర్తొచ్చేవి పోడు పట్టా, 1/70, సర్వే రాయి, ఫారెస్టోళ్లు తవ్విన కందకం. అవన్నీ మాట్లాడాల్సినవే. కానీ ఆ సర్వే రాయి పక్కన జానెడు లోతులో, మట్టి లోపల ఏముందో మనం ఎప్పుడూ మాట్లాడుకోం. ఈసారి దాని గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే అక్కడున్న ప్రాణాన్ని ఇప్పుడు ప్యాకెట్లలో పెట్టి అమ్ముతున్నారు. రేపు దాని మీద హక్కు ఎవరిదనే గొడవ మన గుమ్మం దాకా వస్తుంది. అప్పుడు మనకు విషయం తెలిసి ఉండాలి.

నేను చెప్పేది అస్సాం టీ తోటల సంగతి. మన్యంలో కాఫీ ఉంది కదా, టీ మనకెందుకు అని అనుకోకండి. ఆ తోటల్లో మనోళ్లు ఉన్నారు. ముందు ఆ కథ క్లుప్తంగా.

అస్సాంలో తేయాకును బ్రిటిష్ వాళ్లు కనిపెట్టారని స్కూల్లో చదువుకున్నాం. అది సగం నిజం కూడా కాదు. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లాండ్ వ్యాపారి సింగ్‌ఫో ఆదివాసీల పెద్ద బీసా గామ్ దగ్గరికి వెళ్లాడు. ఆ మొక్క అప్పటికే అక్కడ ఉంది. సింగ్‌ఫోలు ఆ ఆకును వేయించి, వెదురు గొట్టాల్లో దట్టించి, పొయ్యి మీద పొగ పట్టించి దాచుకునేవాళ్లు. దాన్ని ఫలాప్ అంటారు. ఇప్పటికీ చేస్తున్నారు. 1839లో లండన్‌లో అస్సాం కంపెనీ పుట్టింది. అంటే పదహారేళ్లలో ఆదివాసీ ఇంటి పానీయం కంపెనీ సరుకైపోయింది. లాభంలో సింగ్‌ఫోల పేరు లేదు.

ఆ తర్వాత తోటల్లో పనికి మనుషులు కావాల్సి వచ్చారు. ఛోటా నాగపూర్ నుంచి ముండాలను, ఒరావోన్‌లను, సంతాలులను తీసుకుపోయారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా తీసుకుపోయారు. అందుకే ఇవాళ అస్సాం టీ తోటల్లో సవరలు ఉన్నారు, తెలుగు మూలాలున్న 'తెలంగా' వాళ్లు ఉన్నారు. తోట వదిలి పారిపోతే పట్టుకునే అధికారం యజమానికే ఇచ్చిన చట్టాలు అప్పట్లో ఉండేవి. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ అవే లైన్లలో బతుకుతున్నారు. జార్ఖండ్‌లో ముండా అయితే ఎస్టీ. అదే ముండా అస్సాం టీ తోటలో ఓబీసీ. ఎస్టీ హోదా కోసం వాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడుతున్నారు.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పానంటే, ఆ మొక్కను చూపించినోళ్లూ, ఆ మట్టిలో చేతులు పెట్టినోళ్లూ ఆదివాసీలే. ఇప్పుడు అదే మట్టి గురించి కొత్త వ్యాపారం మొదలైంది. దాని పేరు ఆర్గానిక్ టీ. దానికి కావాల్సిన ముఖ్యమైన సరుకుల్లో ఒకటి జీవన ఎరువు. అంటే మేలు చేసే బ్యాక్టీరియా.

ఇక అసలు విషయానికి వద్దాం. కొంచెం సైన్సు ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

టీ మొక్క మామూలు పంటలాంటిది కాదు. వరి, జొన్న అయితే గింజ తీసుకుంటాం. ఇక్కడ మనం తెంపేది లేత ఆకునే, రెండాకులు ఒక మొగ్గ. మొక్కలో నత్రజని ఎక్కువగా ఉండేది అక్కడే. ఎండిన టీ ఆకులో దాదాపు 4 నుంచి 5 శాతం నత్రజని ఉంటుంది. హెక్టారుకు 2,000 కిలోల తయారీ టీ వస్తుందనుకోండి, ఏటా 80 నుంచి 100 కిలోల నత్రజని తోట దాటి బయటికి పోతున్నట్టే. అదంతా తిరిగి నేలకు రావాలి. లేదంటే తోట చప్పబడిపోతుంది.

అందుకే తోటల్లో దశాబ్దాల పాటు యూరియా, అమ్మోనియం సల్ఫేట్ పోశారు. టీ మొక్కకు పుల్ల నేల ఇష్టం. ఉదజని సూచిక 4.5 నుంచి 5.5 మధ్య ఉంటే బాగా పెరుగుతుంది. కానీ అమ్మోనియం ఎరువులు ఏళ్ల తరబడి వేస్తే ఆ పులుపు ఇంకా పెరుగుతుంది. హద్దు దాటుతుంది. అలాంటి నేలలో భాస్వరం ఉన్నా లేనట్టే. ఇనుము, అల్యూమినియం దాన్ని గట్టిగా పట్టేసుకుంటాయి. ఇంట్లో బియ్యం ఉండి, గదికి తాళం వేసి, తాళం చెవి ఎక్కడో పడేసుకున్నట్టన్నమాట.

ఆ తాళం తీసేవాళ్లే ఫాస్ఫోబ్యాక్టీరియా. బాసిల్లస్, సూడోమోనాస్ జాతుల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. ఇవి కొన్ని సేంద్రియ ఆమ్లాలను వదిలి, రాయిలా బిగుసుకున్న భాస్వరాన్ని వేరు తాగగలిగే రూపంలోకి తెస్తాయి. ఇక అజోస్పైరిల్లం, అజటోబాక్టర్ లాంటివి గాలిలోని నత్రజనిని పట్టి మట్టికి ఇస్తాయి. మన చుట్టూ ఉన్న గాలిలో 78 శాతం నత్రజనే. యూరియా ఫ్యాక్టరీ చేసే పనే ఈ బ్యాక్టీరియా చేస్తుంది. పొగ గొట్టం లేకుండా, సబ్సిడీ లేకుండా. కొన్ని బ్యాక్టీరియాలు ఇంకో మేలు కూడా చేస్తాయి. వేరు పెరగడానికి తోడ్పడే హార్మోన్ లాంటి పదార్థాలు వదులుతాయి. తెగులు తెచ్చే శిలీంద్రాలకు ఇనుము దొరక్కుండా ముందే లాక్కుంటాయి.

ఇవి గాలి మాటలు కాదు. అస్సాంలోని తోక్‌లాయ్‌లో 1911 నుంచి టీ పరిశోధన కేంద్రం ఉంది. అల్మోరాలోని పంత్ హిమాలయ పర్యావరణ సంస్థ వాళ్లు 1990లలో ముదురు టీ మొక్కల వేళ్ల దగ్గరి మట్టిని పరీక్షించారు. అక్కడ బాసిల్లస్ జాతి బ్యాక్టీరియాదే పైచేయి అని తేలింది. నార్త్ బెంగాల్ యూనివర్సిటీ వాళ్లు టీ మొక్క వేరు దగ్గరి నుంచే తీసిన బాసిల్లస్ మెగటీరియంతో ప్రయోగాలు చేశారు. మొక్క బాగా పెరిగింది, గోధుమ రంగు వేరు కుళ్లు తగ్గింది.

ఒక్క మాట గమనించారా? పనికొచ్చిన ఆ బ్యాక్టీరియా టీ మొక్క వేరు దగ్గర దొరికిందే. ఏళ్లుగా ఆ పుల్లటి నేలకు అలవాటు పడ్డది. ఇక్కడే ప్యాకెట్ వ్యాపారంలో మోసం మొదలవుతుంది.

చాలా చోట్ల రైతుకు అంటగట్టేది అజటోబాక్టర్ ప్యాకెట్. అది మంచి బ్యాక్టీరియానే. కానీ దానికి పులుపు పడదు. ఉదజని సూచిక 6 కంటే తగ్గితే నీరసపడుతుంది. దాన్ని తీసుకెళ్లి 4.5 ఉన్న టీ నేలలో పోస్తే ఏమవుతుంది? చేపను తెచ్చి చెట్టెక్కమన్నట్టే. రైతు డబ్బులు పోతాయి. ఆ తర్వాత 'జీవన ఎరువులు పనిచేయవు, యూరియానే గతి' అనే మాట ఊరంతా పాకుతుంది. తప్పు బ్యాక్టీరియాది కాదు, ఏ నేలకు ఏది అని అడగకుండా అమ్మినోడిది. అడగకుండా కొన్న మనది కూడా.

ఇంకో మోసం, చచ్చిన ప్యాకెట్. 2006 నుంచి జీవన ఎరువులు కూడా ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. ఆ ప్రమాణాల ప్రకారం అజోస్పైరిల్లం, ఫాస్ఫోబ్యాక్టీరియా లాంటి వాటిలో పొడి రకమైతే గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవ రకమైతే మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. బతికున్నవి, గుర్తుపెట్టుకోండి. ఎర్రటి ఎండలో రేకుల షెడ్డు కింద నెలల తరబడి పడున్న ప్యాకెట్‌లో మిగిలేది బొగ్గు పొడి. తయారీ తేదీ, గడువు తేదీ, కణాల సంఖ్య, ఏ జాతి అనేది ప్యాకెట్ మీద చదవండి. సబ్సిడీలో ఊరికే ఇచ్చినా చదవండి.

వాడే పద్ధతి కూడా తెలుసుకోవాలి. ప్యాకెట్ చింపి చల్లేస్తే అయిపోదు. మామూలుగా చెప్పే లెక్క ఎకరాకు 2 కిలోల అజోస్పైరిల్లం, 2 కిలోల ఫాస్ఫోబ్యాక్టీరియా. వాటిని 100 నుంచి 200 కిలోల బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, నీడలో కుప్ప పోసి, తేమ ఆరిపోకుండా గోనె కప్పి వారం రోజులు ఉంచాలి. ఆ వారంలో అవి పెరుగుతాయి. తర్వాత నేలలో పదును ఉన్నప్పుడు, సాయంత్రం పూట, మొక్క మొదలు చుట్టూ వేసి మట్టి కప్పాలి. రసాయన ఎరువుతో గానీ, తెగులు మందుతో గానీ కలపకూడదు. ముఖ్యంగా రాగి మందు. ఆర్గానిక్ తోటల్లోనూ దాన్ని పరిమితంగా అనుమతిస్తారు కానీ, మట్టిలోని మేలు జీవులకు అది పడదు. అన్నిటికన్నా నర్సరీలో కవర్ మొక్కలకు వాడటం తేలిక. మట్టి తక్కువ, బ్యాక్టీరియా వేరును తొందరగా చేరుకుంటుంది.

ఇంత చెప్పాక ఒక నిజం కూడా చెప్పాలి. బ్యాక్టీరియా మంత్రం కాదు. అజోస్పైరిల్లం లాంటివి అన్నీ కలిసొస్తే హెక్టారుకు 20 నుంచి 40 కిలోల నత్రజని ఇస్తాయని వ్యవసాయ పుస్తకాల్లో రాస్తారు. టీ నేల పులుపులో అంత ఆశ పెట్టుకోకూడదు. బయటికి పోయేది 80 నుంచి 100 అని పైన లెక్క వేసుకున్నాం కదా. మిగతాది ఎక్కడి నుంచి రావాలి? కంపోస్టు నుంచి, పశువుల ఎరువు నుంచి, నీడ కోసం నాటే దిరిసెన జాతి చెట్ల నుంచి, కత్తిరించిన కొమ్మల నుంచి రావాలి. దిరిసెన జాతి చెట్ల వేళ్లకు బుడిపెలుంటాయి. వాటిలో ఉండే రైజోబియం కూడా నత్రజని పట్టే బ్యాక్టీరియానే. మట్టిలో తినడానికి ఏమీ లేకపోతే ఏ బ్యాక్టీరియా అయినా ఎన్ని రోజులు బతుకుతుంది? పస్తులున్న ఇంటికి చుట్టాన్ని పిలిచినట్టే ఉంటుంది.

ఆ కత్తిరించిన కొమ్మల దగ్గర ఒక్క క్షణం ఆగండి. మన రాజకీయం అక్కడే ఉంది.

టీ మొక్కను కొన్నేళ్లకోసారి గట్టిగా కత్తిరిస్తారు. ఆ కొమ్మారెమ్మా నేల మీదే వదిలేస్తే చివికి మట్టికి బలం అవుతుంది, బ్యాక్టీరియాకు తిండి అవుతుంది. కానీ లైన్లలో ఉండే ఆడవాళ్లు ఆ పుల్లలను మోపు కట్టి పొయ్యిలోకి తీసుకుపోతారు. గ్యాసు బండ కొనే కూలి వాళ్లకు రాదు మరి. 2023 అక్టోబరులో అస్సాంలో టీ కూలి పెరిగింది. ఎంతకు? బ్రహ్మపుత్ర లోయలో రోజుకు 250 రూపాయలు, బరాక్ లోయలో 228. ఆ కూలితో ఇల్లు నడిపే మనిషికి 'అమ్మా, పుల్లలు తీసుకుపోకు, మట్టి ఆరోగ్యం పాడవుతుంది' అని చెప్పే హక్కు ఎవరికుంది? మట్టికి తిండి మిగలాలంటే ముందు ఆ మట్టిలో పనిచేసే మనిషి పొయ్యి వెలగాలి. జీవన ఎరువుల గురించి సెమినార్లలో మాట్లాడేవాళ్లు ఈ ముక్క చెప్పరు. మనం చెప్పాలి.

ఇదే మాట ఆరోగ్యం గురించి కూడా. ఆర్గానిక్ టీ డబ్బా మీద ఏం రాస్తారు? తాగేవాళ్ల ఆరోగ్యం, స్వచ్ఛత, ప్రకృతి. తాగేవాడు రోజుకు రెండు కప్పులు తాగుతాడు. ఆకు తెంపే ఆమె రోజంతా ఆ మొక్కల మధ్యే నిలబడుతుంది. మందు కొట్టే కుర్రాడు చాలాసార్లు మూతికి తువ్వాలు కట్టుకుని కొడతాడు. రసాయనం తగ్గితే అందరికన్నా ముందు మేలు జరగాల్సింది వాళ్లకు. నేను ఆర్గానిక్‌ను సమర్థించేది ప్రధానంగా అందుకే. విదేశంలో ఎవరో ఎక్కువ రేటు ఇస్తారని కాదు. ఆ ఎక్కువ రేటు లైన్లలోకి దిగి రావడం ఎంత కష్టమో మనకు తెలుసు. మందు డబ్బా బదులు బ్యాక్టీరియా ప్యాకెట్ వచ్చి, కూలి మాత్రం అక్కడే ఉంటే దాన్ని మార్పు అనలేం.

ఇప్పుడు పెద్ద ప్రశ్న. ఆ బ్యాక్టీరియా ఎవరిది?

పాత టీ మొక్క వేరు దగ్గర, లేదా సింగ్‌ఫోల అడవి టీ చెట్టు కింద, పిడికెడు మట్టి తీసుకెళ్లారనుకోండి. ల్యాబ్‌లో అందులోంచి ఒక మంచి బాసిల్లస్ దొరికింది. దాన్ని పెంచి, పేరు పెట్టి, ప్యాకెట్ చేసి, అదే ఊరికి తెచ్చి అమ్మారు. ఇందులో ఊరి వాటా ఎంత? మన పేటెంట్ చట్టం మొక్కల మీద, జంతువుల మీద పేటెంట్ ఇవ్వదు. కానీ సూక్ష్మజీవులకు ఆ రక్షణ లేదు. మట్టిలో సహజంగా ఉన్నదాన్ని ఉన్నట్టుగా నాదే అనలేరు, నిజమే. కొంత మార్పు చేసో, తయారీ పద్ధతి పేరు చెప్పో తీసుకునే దారి మాత్రం ఉంది.

దీనికి అడ్డుపడే ఆయుధం కూడా చట్టంలోనే ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం తీసి చూడండి. జీవ వనరులు అంటే మొక్కలు, జంతువులతో పాటు సూక్ష్మజీవులు కూడా అని అందులో స్పష్టంగా ఉంది. పేటెంట్ కావాలన్నోళ్లు జాతీయ జీవవైవిధ్య సంస్థ గడప తొక్కాలి. స్థానికంగా జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి, లాభంలో వాటా గురించి అడగొచ్చు. మీ పంచాయతీలో ఆ కమిటీ ఉందా? ఉంటే అందులో ఎవరున్నారు? ఆ రిజిస్టర్‌లో మట్టి గురించి ఒక్క లైను అయినా ఉందా? వెళ్లి అడగండి. చాలా చోట్ల మన రిజిస్టర్లలో చెట్లు, పిట్టలు, మందు మొక్కలు ఉంటాయి. మట్టి పేజీ ఖాళీ. ఖాళీ పేజీ మీద ఎవరైనా తమ పేరు రాసుకోవచ్చు.

'అన్నా, ఇదంతా పెద్ద సైంటిస్టుల పని, మన వల్ల అవుతుందా?' అని మీలో కొందరు అనుకుంటారు. మన గూడేల నుంచి బీఎస్సీ మైక్రోబయాలజీ చదివిన పిల్లలు ఇవాళ ఎక్కడున్నారు? హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో నైట్ షిఫ్టులు చేస్తున్నారు. వాళ్లకు ఈ పని వచ్చు. మట్టి నుంచి బ్యాక్టీరియాను వేరు చేయడం, దాన్ని పెంచడం, ప్లేటు మీద లెక్కపెట్టడం డిగ్రీ ప్రాక్టికల్స్‌లో చేసినవే. జీవన ఎరువు తయారీకి రాకెట్ కేంద్రం అక్కర్లేదు. వేడితో శుద్ధి చేసే పాత్ర, పోషక ద్రావణం, దుమ్ము రాని గది, శ్రద్ధగా పనిచేసే మనిషి కావాలి. శ్రద్ధ తప్పితే ప్యాకెట్‌లో మేలు బ్యాక్టీరియా బదులు చెత్త పెరుగుతుంది, అది కూడా నిజమే. అందుకే నేర్చుకుని చేయాలి. ఒక మహిళా సంఘం, ఇద్దరు చదువుకున్న పిల్లలు, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రం సాయం ఉంటే మొదలుపెట్టొచ్చు.

ఇంకొందరు దీనికి వ్యతిరేక వాదన చేస్తారు. 'మన తాతలు ఏ ప్యాకెట్ వాడారు? మన పద్ధతే సైన్సు' అంటారు. తాతల మీద నాకూ గౌరవం ఉంది. పోడు కొట్టిన నేలను కొన్నేళ్లు వదిలేసేవాళ్లు. ఆ విరామంలో మట్టి మళ్లీ ప్రాణం పోసుకునేది. కానీ ఇప్పుడు వదిలేయడానికి నేల ఎక్కడుంది? రెండెకరాలకు పట్టా ఇచ్చి చుట్టూ కంచె వేశాక, అదే నేలలో ఏటా పండించాలి. టీ, కాఫీ అయితే ఒకసారి నాటితే దశాబ్దాల పాటు అదే మొక్క, అదే మట్టి. కాబట్టి తాతల తెలివీ కావాలి, మైక్రోస్కోపూ కావాలి. రెండోది ఇంకెవరిదో అని వదిలేస్తే మొదటిదాన్ని కూడా వాళ్లే పట్టుకుపోతారు. ఫలాప్ విషయంలో జరిగింది అదే కదా.

ఇవాళ దేశంలో తయారయ్యే టీలో దాదాపు సగం చిన్న రైతుల ఆకు నుంచే వస్తోంది. 25 ఎకరాల లోపు వాళ్లను చిన్న రైతులంటారు. వాళ్లలో ఎకరా, రెండెకరాల వాళ్లు కూడా ఉన్నారు. ఆర్గానిక్ సర్టిఫికెట్ కావాలంటే టీ లాంటి బహువార్షిక పంటకు మూడేళ్ల మార్పిడి కాలం ఉంటుంది. ఆ మూడేళ్లు దిగుబడి తగ్గొచ్చు, రేటు మాత్రం మామూలు ఆకు రేటే. పెద్ద ఎస్టేటు తట్టుకుంటుంది. ఎకరం రైతు ఎలా తట్టుకుంటాడు? మనం అడగాల్సినవి ఇవీ:

ఒకటి, మార్పిడి కాలంలో చిన్న రైతుకు, కూలికి ఆదాయ భరోసా ఇవ్వాలి.

రెండు, ఆ నేల మట్టి నుంచే తీసిన, ఆ పులుపుకు తట్టుకునే బ్యాక్టీరియాను ప్రభుత్వ ల్యాబులు స్థానిక సంఘాలకు ఉచితంగా ఇవ్వాలి, తయారీ నేర్పాలి.

మూడు, మన మట్టి శాంపిల్ బయటికి పోయే ముందు గ్రామసభకు చెప్పాలి. ఎవరు, ఎందుకు, ఎంత తీసుకున్నారో రిజిస్టర్‌లో రాయాలి.

నాలుగు, ఆర్గానిక్ అని డబ్బా మీద రాసుకునే తోట, ఆ ఆకు తెంపిన చేతికి ఎంత కూలి ఇచ్చిందో కూడా అదే డబ్బా మీద రాయాలి.

చివరిది నవ్వులాటలా ఉందా? నాకు మాత్రం అదే ముఖ్యం అనిపిస్తుంది.

అరకు, పాడేరు, చింతపల్లి వైపు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మన కాఫీ తోటల్లో రసాయనాలు పెద్దగా వాడం. ఆర్గానిక్ అనే పేరు మన కాఫీకి కూడా అంటుకుంటోంది. కాబట్టి అస్సాంలో జరిగే ప్రతిదీ రేపు మన దగ్గర జరగొచ్చు. ఈ వానలకు ముందే ఒక చిన్న పని చేయండి. మీ తోటలో ఒక వరుస మొక్కలకు మంచి జీవన ఎరువు వేయండి, పక్క వరుసకు వేయకండి. మిగతావన్నీ రెండింటికీ ఒకేలా చేయండి. రెండేళ్లు కోతకు కోత తూకం వేసి నోట్‌బుక్‌లో రాయండి. పనిచేసిందా లేదా అన్నది డీలర్ చెప్పక్కర్లేదు, ఆఫీసర్ చెప్పక్కర్లేదు, నేనూ చెప్పక్కర్లేదు. మీ నోట్‌బుక్ చెబుతుంది.

ఆ నోట్‌బుక్‌ను గ్రామసభలో పెట్టండి. మట్టి పేజీ అక్కడి నుంచే మొదలవ్వాలి.

జోహార్.